డ్రా చీటీకి దూరం తెలియదా?

టోర్నమెంటు డ్రా తీసే రోజు ఎక్కడా గొడవ జరగదు. గిన్నెలో చీటీలు వేస్తారు, ఎవరో ఒక చిన్నపిల్ల చేత తీయిస్తారు, బోర్డు మీద గీతలు గీస్తారు. చీటీకి కులం లేదు, ఊరు లేదు అని పెద్దమనుషులు ఒక మాట అంటారు. అందరం తలూపి టీ తాగి వస్తాం. ఆ మాట తప్పు అని చెప్పడానికే ఈ వ్యాసం. గిన్నెలో చెయ్యి పెట్టకముందే నాలుగు చీటీలు పక్కకు తీసి పెట్టి ఉంటాయి. వాటినే సీడింగ్ అంటారు. మన పిల్లల ఆట సగం అక్కడే తేలిపోతుంది.

సీడింగ్ చెడ్డదని నేను అనను. గట్టి జట్లు రెండు మొదటి రోజే తలపడితే ఒకటి అన్యాయంగా ఇంటికి పోతుంది, ఫైనల్ చప్పగా తయారవుతుంది. అందుకే పోయినసారి సెమీఫైనల్ చేరిన నాలుగు జట్లను నాలుగు మూలల్లో పెడతారు. వ్యాయామ విద్య పుస్తకాల్లో ఉన్న పద్ధతే ఇది. పుస్తకం రాయనిది ఒకటుంది. పోయినసారి ఆ నాలుగు జట్లు ఎక్కడ ఆడి గెలిచాయి? సొంత మైదానంలోనా, బస్సెక్కి పోయా? రాత్రి ఎక్కడ పడుకున్నాయి? ఈ లెక్కలేవీ స్కోరు షీటులోకి రావు. గెలుపు మాత్రమే వస్తుంది. ఆ గెలుపు ఈ ఏడు సీడవుతుంది, సీడు మళ్ళీ గెలుపును తెస్తుంది. గానుగెద్దు తిరిగినట్టు తిరుగుతూనే ఉంటుంది.

బై సంగతి చూడండి. నేను పిల్లలకు లెక్కలు చెప్పే మనిషిని (మా బడిలో పీఈటీ పోస్టు లేదు, ఆ ఈల కూడా నా మెడలోనే ఉంటుంది), కాబట్టి లెక్కతోనే చెబుతాను. నాకౌట్‌కు 11 జట్లు వచ్చాయనుకుందాం. 16లోంచి 11 తీసేస్తే 5. అంటే అయిదు జట్లకు బై, మిగిలిన ఆరు జట్లు మొదటి రౌండు ఆడాలి. నాలుగు బైలు సీడు జట్లకే పోతాయి. సీడు జట్టు మూడు మ్యాచులు గెలిస్తే కప్పు. బై దక్కని జట్టు నాలుగు గెలవాలి. సీడు జట్టు తరచుగా పట్టణం జట్టే. దాని పిల్లలు తమ మంచం మీద నిద్రపోయి, ఇంట్లో తిని, పది గంటలకు మైదానానికొచ్చి ఎదుటివాళ్ళ ఆట చూస్తూ కూర్చుంటారు. దామరచర్ల అవతలి తండా నుంచి వచ్చిన పిల్ల మాత్రం పొద్దుగాల మొదటి మ్యాచు ఆడి, అరటిపండు తిని, మధ్యాహ్నం అదే పట్టణం జట్టుతో రెండో మ్యాచుకు దిగుతుంది. ఓడిపోతే 'స్టామినా లేదు' అంటారు. స్టామినా లేనిది పిల్లకు కాదు, ఆ డ్రాకు బుద్ధి లేదు.

మన మూడు పట్టణాల సంగతి దగ్గరగా చూద్దాం. సూర్యాపేట, కోదాడ హైదరాబాదు-విజయవాడ హైవే మీద ఉన్నాయి. సూర్యాపేటకు రైలు లేదు గానీ బస్సుకు కొదవ లేదు. మిర్యాలగూడకు సికింద్రాబాదు-గుంటూరు రైలు మార్గం ఉంది. మ్యాపు మీద చూసే అధికారికి మూడూ దారి మీదే ఉన్నాయి, కష్టమేముంది అనిపిస్తుంది. కష్టం పట్టణం నుంచి మొదలు కాదు సార్, పట్టణం దాకా వచ్చేలోపే ఉంది. అడవిదేవులపల్లి, దామరచర్ల, పాలకవీడు, మఠంపల్లి, చింతలపాలెం మండలాల తండాల నుంచి పిల్లలు ఆటో పట్టుకుని రోడ్డెక్కాలి. వాడపల్లి దగ్గర కృష్ణ, మూసీ కలిసే చోట రాష్ట్రమే అయిపోతుంది. ఆ చివర నుంచి జిల్లా కేంద్రానికి వచ్చి, ఆడి, చీకటి పడేలోపు ఆడపిల్లను తిరిగి ఇంటికి చేర్చాలంటే ఏ తండ్రయినా రెండుసార్లు ఆలోచిస్తాడు. తండ్రి వెనుకబడినవాడు కాదు. ఆ రాత్రి బస్సు లేదు, అంతే.

2016 అక్టోబరులో నల్లగొండ జిల్లా మూడయింది. సూర్యాపేట, కోదాడ ఒకవైపు, మిర్యాలగూడ నల్లగొండలోనే, భువనగిరి ఇంకోవైపు. దీనివల్ల మేలు జరగలేదని అనలేం. కొన్ని పోటీలకైనా ఒక జిల్లా జట్టు పోయిన చోటుకు మూడు జట్లు పోతున్నాయి, అక్కడ సీట్లు పెరిగాయి. కానీ నిన్నటిదాకా కలిసి ఆడిన పాలకవీడు పిల్లలు ఒక జిల్లా, దామరచర్ల పిల్లలు ఇంకో జిల్లా అయ్యారు. డిగ్రీకి వచ్చేసరికి ఈ మూడు జిల్లాల కాలేజీలు మళ్ళీ నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం కిందికే వస్తాయి. బడిలో ఒక గీత, కాలేజీలో ఒక గీత. గీత ఎటు గీసినా తండా అంచులోనే ఉంటుంది.

కొత్తగా వచ్చిన మన గిరిజన గురుకుల డిగ్రీ కాలేజీలకు ఇంకో తిప్పలుంది. కొత్త కాలేజీకి 'పోయినసారి ఫలితం' అనేదే ఉండదు. జట్టు ఎంత గట్టిదైనా సీడు లేని గుంపులోనే పడాలి. పాత కాలేజీకి పాత పేరు రక్ష.

అసలు చిక్కు ఇప్పుడు చెబుతాను, ఎందుకంటే మనవాళ్ళు కూడా ఇక్కడ తొందరపడతారు. దూరం సమస్య కదా, దగ్గరి కాలేజీలన్నీ ఒక జోన్‌గా కట్టేస్తే సరిపోతుంది అంటారు. సగం మాత్రమే సరిపోతుంది. కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ ఒక జోన్ అనుకోండి. ఖర్చు తగ్గింది, ఆడపిల్లలు సాయంత్రానికి ఇల్లు చేరారు, బాగుంది. కానీ గట్టి జట్లు మూడూ ఆ జోన్‌లోనే ఉండి, పైకి ఒక్కటే పోవాలంటే రెండు మంచి జట్లను మనమే చంపుకున్నట్టు. పక్క జోన్ నుంచి మెత్తని జట్టు ఒకటి నవ్వుతూ సెమీస్‌కు పోతుంది. దూరం ఒక్కటే చూస్తే బలానికి అన్యాయం. బలం ఒక్కటే చూస్తే, నిత్యం ఇంటి దగ్గర ఆడుకునే రెండు జట్లు నల్లగొండ దాకా పోయి మొదటి రౌండులో ఒకదానితో ఒకటి ఆడి, ఒకటి తిరుగు బస్సెక్కాల్సి వస్తుంది.

ఈ తగువు మనదొక్కరిదే కాదు. అమెరికా కాలేజీల హాకీలో కూడా ఇదే పెద్ద వాదన. వాళ్ళ హాకీ మంచు మీద ఆడేది, అది వేరే సంగతి. జాతీయ టోర్నీకి 16 జట్లను తీసుకుంటారు, నాలుగు చోట్ల నాలుగేసి జట్లు ఆడతాయి. ఒకే లీగు జట్లు మొదటి రౌండులోనే ఢీకొనకుండా వీలైనంత చూస్తారు. అది మంచి పద్ధతి, మనం తెచ్చుకోవచ్చు. కానీ పోటీ నిర్వహించే కాలేజీ టోర్నీకి ఎంపికైతే, దాన్ని సొంత చోటే ఆడనిస్తారు. దానితో ఒక్కోసారి పై సీడు తెచ్చుకున్న జట్టు పోయి కింది సీడు జట్టు ముంగిట్లో ఆడాల్సి వస్తుంది. అక్కడ దానికి కారణం టికెట్లు. ఇంటి జట్టు ఉంటే జనం వస్తారు, డబ్బులొస్తాయి. మన టోర్నీలకు టికెట్టే లేదు. మరి ఆతిథ్యమిచ్చే జట్టుకు మనమెందుకు అంత మర్యాద చేయాలి? టెంటు వేయించినందుకా?

'ప్రతిభ ఉంటే ఎక్కడున్నా పైకొస్తారు, జైపాల్ సింగ్ ముండా రాలేదా?' అని అడిగేవాళ్ళున్నారు. వచ్చాడు. ఖుంటి దగ్గర టక్రా గ్రామంలో పుట్టిన ఆదివాసీ బిడ్డ 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు కెప్టెన్ అయ్యాడు, ఆ ఏడు మనకు స్వర్ణం వచ్చింది. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసుల గొంతయ్యాడు. కానీ రాంచీ మిషన్ బడి ప్రిన్సిపాల్ ఆయన్ను ఇంగ్లండు తీసుకెళ్ళి చదివించకపోతే ఆక్స్‌ఫర్డ్ మైదానం ఆయనకు ఎక్కడిది? ఒక్కరిని ఎవరో చెయ్యి పట్టి దూరం దాటించారు. దాన్ని చూపించి మిగతా వేలమందిని నడిచి రమ్మనడం న్యాయమా?

సరైన ఉదాహరణ ఒడిశాలో ఉంది. సుందర్‌గఢ్ ఆదివాసీ జిల్లా. మూడు ఒలింపిక్స్ ఆడిన దిలీప్ టిర్కీ అక్కడివాడే. పిల్లలు రాజధానికి వచ్చి నేర్చుకోవాలని అక్కడ చెప్పలేదు. అదే జిల్లాలోని రూర్కెలాలో పాన్‌పోష్ క్రీడా హాస్టల్ పెట్టారు. 2023 జనవరిలో పురుషుల ప్రపంచకప్పును భువనేశ్వర్‌తో పాటు రూర్కెలాకూ తెచ్చారు, స్టేడియానికి బిర్సా ముండా పేరు పెట్టారు. ఇరవై వేల మంది కూర్చునే మైదానం, ఆటగాళ్ళు పుట్టిన గడ్డ మీద. జట్టు దూరం పోవడం కాదు, టోర్నమెంటే దూరం వచ్చింది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ నుంచి హాకీ కృత్రిమ పచ్చిక మీదికి పోయినప్పుడు మట్టి మైదానాల పిల్లలకు ఎంత నష్టం జరిగిందో తెలుసు కదా. మైదానం ఎక్కడ వేస్తారో అక్కడే విజేతలు పుడతారు.

ఇక్కడ ఎదుటివాళ్ళు ఒక గట్టి మాటే అంటారు: చిన్న పట్టణాల్లో సౌకర్యాలేవి? 2021 మార్చి 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల ప్రారంభం రోజున గ్యాలరీ కూలి వంద మందికి పైగా గాయపడలేదా? పడ్డారు. ఆ రోజును మనం తేలిగ్గా తీసుకోకూడదు. కానీ కూలింది సూర్యాపేట కాదు, పోటీల కోసమని అప్పటికప్పుడు కట్టిన గ్యాలరీ. కబడ్డీ చూడ్డానికి అంతమంది జనం వచ్చే ఊళ్ళో శాశ్వతమైన మెట్లు లేకపోవడం పాలకుల తప్పు. ఆ ప్రమాదాన్ని చూపించి పోటీలను మళ్ళీ హైదరాబాదుకు లాక్కుపోతే, దెబ్బలు తిన్నవాళ్ళకే రెండోసారి శిక్ష వేసినట్టవుతుంది.

కొన్నేళ్ళ కిందట మా పిల్లలను ఒక పోటీకి తీసుకెళ్ళాను. ఎక్కడన్నది వదిలేద్దాం. మొదటి మ్యాచు మాదే అని ముందురోజు సాయంత్రం ఫోన్ వచ్చింది. మాది దూరం, పదకొండు తర్వాత పెట్టండి అని అడిగితే నిర్వాహకుడు 'అందరికీ ఒకటే రూలు మాస్టారూ' అన్నాడు. మైదానం పక్క వీధిలో ఉన్న జట్టుకు మధ్యాహ్నం ఆట, మాకు ఎనిమిదింటికి. ఒకటే రూలు! మేము గెలిచాం, అది వేరే మాట. గెలిచాం కాబట్టి రూలు మంచిదని ఎవరూ అనకూడదనే ఇది రాస్తున్నాను.

ఏం చేయాలో చెప్పకుండా తిడితే లాభం లేదు. నాకౌట్ మానేసి పూల్ లీగ్ పెట్టండి అంటాను. 16 జట్లు నాకౌట్ ఆడితే 15 మ్యాచులు, ఎనిమిది జట్లు ఒక్క ఆటతో ఇంటికి. అదే నాలుగు పూల్స్ చేసి, పూల్ విజేతలను సెమీస్‌కు పంపితే 27 మ్యాచులు, ప్రతి జట్టుకూ కనీసం మూడు ఆటలు. పన్నెండు మ్యాచుల ఖర్చు పెరుగుతుంది, నిజమే. ఫ్లెక్సీలకు, శాలువాలకు అయ్యే ఖర్చు పక్కన పెట్టి చూడండి, ఎక్కడో ఒకచోట ఆ డబ్బు దొరుకుతుంది. పూల్ మ్యాచులు దగ్గరి ఊళ్ళో పెట్టండి, కానీ పైకి ఒక్కరిని కాక ఇద్దరిని పంపి క్వార్టర్ ఫైనల్స్ ఆడించండి, ఒకే పూల్ జట్లు అక్కడ వెంటనే కలవకుండా చూడండి. అప్పుడు దూరానికీ బలానికీ రెంటికీ కొంత న్యాయం దక్కుతుంది. సీడుకు ఒక్క ఏడాది కాదు, మూడేళ్ళు చూడండి, అందులో సొంత మైదానం గెలుపులకు తక్కువ విలువ ఇవ్వండి. ఆతిథ్యం నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ, భువనగిరి వంతులవారీగా తిరగాలి. దూరం జట్టుకు పొద్దుటి ఆట వద్దు. దీనికి మాత్రం రూపాయి కూడా ఖర్చు లేదు, కాగితం మీద వరస మార్చడమే.

టీచర్ మిత్రులారా, జట్టును తీసుకుపోయేటప్పుడు కిట్టుతో పాటు ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఏ జట్టు ఎన్ని కిలోమీటర్లు వచ్చింది, ఎన్నింటికి ఆడింది, రాత్రి ఎక్కడ పడుకుంది, బై ఎవరికి వచ్చింది అని రాయండి. యువకులారా, ఆ లెక్క మీరు కూడా ఫోన్లో ఎక్కించండి. మూడేళ్ళ లెక్క చేతిలో పట్టుకుని, వచ్చే డ్రా సమావేశంలో టీ ఇవ్వకముందే లేచి నిలబడి అడుగుదాం: ఈ నాలుగు చీటీలు పక్కన ఎందుకున్నాయి సార్?