పదకొండు ఫోన్లు, ఒక్క మనిషీ లేడు

మొన్న కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసుకుని, అట్నుంచటే రాజోలు దగ్గర మా పిన్ని వాళ్ళింటికెళ్ళా. కాఫీ చేతికిస్తూనే "నాన్నా, నీకు కంప్యూటర్లు తెలుసు కదా, వీడి గదిలో ఏం జరుగుతోందో ఓసారి చూడు" అంది.

చూశా. కొబ్బరికాయలు పోసే కొట్టుగదిలో బల్ల మీద ఏకాదశ రుద్రుల్లా పదకొండు సెకండ్‌హ్యాండ్ ఫోన్లు. అన్నీ చార్జింగులోనే. అన్నిట్లో ఒకటే వీడియో, ఎవరో తెల్లావిడ కేకు చేస్తోంది. సౌండు లేదు. చూసే మనిషీ లేడు.

"వీడియో చూస్తే కాయిన్లిస్తారన్నయ్యా. మనం చూడక్కర్లేదు, ఆటో క్లిక్కర్ చూసుకుంటాది" అన్నాడు తమ్ముడు. ఆ ఫోన్లకీ, 'లెవెల్' పెంచుకునే కాయిన్లకీ పిన్ని గాజులు తాకట్టులోకి వెళ్ళాయి. డబ్బులు తీసుకుందామని నొక్కితే 'అనుమానాస్పద కార్యకలాపం' అని అకౌంట్లన్నీ తాళం. ఆ సైటు పేరు ఇక్కడ అనవసరం.

దొంగాట ఆడాడు, శాస్తి జరిగింది అంటారా? నేనూ ముందు అదే తిట్టు తిట్టా. తిరుగు ప్రయాణంలో బస్సులో ఆలోచిస్తే, తిట్టాల్సింది వాణ్ణొక్కణ్ణే కాదనిపించింది.

అసలు 'చూడటం' అంటే సర్వరుకి ఏంటి? ప్లేయరు నుంచి కొన్ని సెకన్లకోసారి 'ఇంకా ఆడుతోంది' అని వచ్చే కబురు. అంతే. ఆ కబురు పంపడానికి కళ్ళు అక్కర్లేదు, ఒక్కోసారి వీడియో కూడా అక్కర్లేదు, పది లైన్ల స్క్రిప్టు చాలు. క్లయింటు నుంచి వచ్చిందేదీ నమ్మొద్దని మనకి ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే చెప్తారు. మరి క్లయింటు మాట మీదే డబ్బులు పంచే సిస్టం కట్టినవాడికి ఆ సంగతి తెలీదా?

బ్లాక్‌చెయిన్ ఉందిగా అంటారు. కాయిన్ ఈ చేతి నుంచి ఆ చేతికి మారిందని బ్లాక్‌చెయిన్ రుజువు చేస్తుంది. రాజోలులో ఎవరో కేకు వీడియో చూశారని రుజువు చెయ్యలేదు. ఇది కొత్త సంగతేం కాదు. 2002లోనే మైక్రోసాఫ్ట్ రీసెర్చిలో జాన్ డౌసర్ 'సిబిల్ దాడి' అని పేపరు రాశాడు (లోన్లప్పుడు చూసే సిబిల్ కాదు లెండి :) ). ఎవరు ఎవరో ధ్రువీకరించే కేంద్రం ఒకటి లేకపోతే, ఒకడే వందమందిగా కనిపించడాన్ని ఆపడం ఆచరణలో కుదరదని దాని సారాంశం. కేంద్రమే వద్దు అని కాలరెగరేసిన వాళ్ళు అకౌంటుకింత అని డబ్బు పంచితే ఏమవుతుంది? ఎల్‌బీఆర్‌వై కూడా రివార్డులివ్వాలంటే ముందు ఫోన్ నంబరో కార్డో చూపి మనిషివని నిరూపించుకోమంది. అంటే తిరిగి తిరిగి కేంద్రం దగ్గరికే!

క్యాప్చా పెడతారంటారా? వెయ్యి క్యాప్చాలు ఒక డాలరుకో అంతకన్నా తక్కువకో మనుషులచేత చేయిస్తున్నారని 2010లోనే పరిశోధకులు లెక్కగట్టారు. ఒక ఐపీకి ఒకటే అకౌంటంటారా? మన పల్లెల్లో మొబైల్ నెట్ వాడేవాళ్ళు బోలెడుమంది ఒకే పబ్లిక్ ఐపీ వెనకుంటారు. బాటు నడిపే ఘనుడు ప్రాక్సీలు కొనుక్కుని హాయిగా ఉంటాడు. నిజంగా వీడియో చూసిన మా వీధి చివరి పిల్లాడు బ్లాకవుతాడు.

ఇంక డబ్బు సంగతి. 2016 డిసెంబరులో 'మెత్‌బాట్' బయటపడింది. డేటా సెంటర్లలో సర్వర్లు పెట్టి, మనుషుల్లా నటిస్తూ వీడియో ప్రకటనలు 'చూసిన' ముఠా అది. దాని నాయకుడు అలెగ్జాండర్ జుకోవ్‌కి 2021లో అమెరికా కోర్టు పదేళ్ళ జైలు వేసింది. ఎందుకు వదల్లేదు? పోయింది ప్రకటనలిచ్చిన కంపెనీల డబ్బు కాబట్టి. ఈ కాయిన్ సైట్లలో చాలావాటిలో రివార్డు ప్రకటనల ఆదాయం నుంచి రాదు, కొత్తగా ముద్రించిన కాయిన్ల నుంచి వస్తుంది. బాట్లుంటే 'మాకు లక్షలమంది వీక్షకులు' అని చెప్పుకోవచ్చు, కాయిన్ ధర లేస్తుంది, ముందు కొన్నవాళ్ళు అమ్ముకుని వెళ్ళిపోతారు. అలాంటి చోట డబ్బులు తీసుకునే రోజు దాకా బాటు చుట్టం, ఆ రోజు నుంచి దొంగ. చివర్లో కాయిన్ కొన్న పిచ్చోడు మాత్రం పోలీసు స్టేషన్‌కెళ్ళి ఏమని చెప్పుకోవాలి?

ఇంకో మెట్టు దిగితే బాటు కూడా అక్కర్లేదు, మనిషినే బాటుని చేస్తారు. 2023 జులైలో హైదరాబాద్ సైబర్ క్రైం పోలీసులు బయటపెట్టిన 712 కోట్ల మోసం గుర్తుందా? రివ్యూలు, రేటింగులు ఇస్తే డబ్బులన్నారు. మొదట కాస్త ఇచ్చారు, తర్వాత పెట్టుబడి పెట్టమన్నారు. దేశం మొత్తమ్మీద దాదాపు 15,000 మంది మునిగారు. ఆ సొమ్ములో కొంత క్రిప్టోగా మారి దేశం దాటింది. అందులో చదువుకున్నవాళ్ళు లేరనుకుంటున్నారా?

మా తాతయ్య కొబ్బరి దింపు రోజున కాయలు తనే దగ్గరుండి లెక్కపెట్టించేవాడు. "లెక్కకి డబ్బులిస్తే కాయ పెరగదురా, లెక్క పెరుగుద్ది" అనేవాడు. ఆయన ఐదో తరగతి. మనం బీటెక్కులు.

అందుకే నా కోపం ఎక్కువగా మనమీదే. తమ్ముడికి ఆ స్క్రిప్టు ఇచ్చింది ఎవరనుకున్నారు? బెంగుళూరులో ఉండే మా ఊరి సాఫ్ట్‌వేర్ కుర్రాడు. "పడుకున్నా డబ్బులొస్తాయి" అని ఊరి గ్రూపులో పెట్టిందీ వాడే. మన ఉద్యోగం చూసి ఊళ్ళో మన మాట నమ్ముతారండీ. నువ్వు సరదాకి రాసిన పది లైన్ల మీద ఇంకొకళ్ళు గాజులు తాకట్టు పెడతారు. ఊరి నుంచి ఎవరైనా అడిగితే స్క్రిప్టు ఇవ్వకండి. "ఈ రివార్డు ఎవడి జేబులోంచి వస్తోంది?" అని ఒక్క ప్రశ్న అడగమనండి. జవాబు దొరక్కపోతే ఆ జేబు మనదే.

తా.క.: ఫోన్లు ఏడు అమ్మేశాం. గాజులు ఇంకా విడిపించలేదు. నాలుగు ఫోన్లు వాడు ఇవ్వనన్నాడు, వచ్చే నెల అకౌంటు తెరుస్తారట. ఇంకా నమ్ముతున్నాడు.