పనిమనిషికి ఆదివారం సెలవిద్దాం

ఆదివారం పొద్దున మా క్రైస్తవుల ఇళ్లల్లో హడావిడి చూడాలి. తొమ్మిదింటికల్లా ఆరాధనకు కదలాలి. ఇస్త్రీ చొక్కా, పిల్లల జడలు, బైబిలు, పాటల పుస్తకం, కానుక కవరు. అందుకని పనమ్మాయికి శనివారమే చెప్పేస్తాం: "రేపు చర్చుంది, ఆరింటికల్లా వచ్చెయ్యమ్మా." గుడి నుంచి వచ్చాక చుట్టాలు, కోడి పలావు, సింకు నిండా అంట్లు. సాయంత్రం ఇంకోసారి రమ్మంటాం. మనకు విశ్రాంతి దినం, ఆమెకు రెండు పూటల చాకిరీ. నేను గుంటూరులో ఒక మిర్చి కమీషన్ కొట్లో గుమస్తాగా చేసి రిటైరైనవాణ్ణి, పుట్టుకతో లూథరన్‌ని. జమాఖర్చులు రాసిన చెయ్యి కదా, ఈ లెక్క నాకెప్పుడూ పొసగదు.

దేవుణ్ణి పోలి బతకాలని పౌలు ఎఫెసు సంఘానికి రాశాడు. ఈ మాట మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో! సినిమాలు మానాలి, చుట్ట మానాలి, ఉపవాసం ఉండాలి, రాత్రంతా ప్రార్థనలో గడపాలి అంటారు. మంచివే, కాదనను. కానీ నేను చేశాను గనుక మీరూ చెయ్యండని దేవుడే చెప్పిన పని ఒకటుంది. అది విశ్రాంతి. నిర్గమకాండం 20వ అధ్యాయంలో ఉంది. ఆరు రోజులు సృష్టి చేసి ఏడో రోజు ఆగాడు, కాబట్టి మీరూ ఆగండని. ఆ ఆజ్ఞలో జాబితా చూడండి: కొడుకు, కూతురు, దాసుడు, దాసి, పశువులు, ఊళ్లో ఉన్న పరదేశి. ద్వితీయోపదేశకాండం ఇంకో అడుగు ముందుకేసి, మీరూ ఐగుప్తులో దాసులుగా బతికినవాళ్లేనని గుర్తుచేస్తుంది. యజమానురాలు వేళకు గుడికి చేరాలి గనుక దాసి కోడికూతకే లేవాలని ఎక్కడా రాసిలేదు.

ఈ మాటంటే మా సంఘంలో ఒకాయన, "అది ధర్మశాస్త్రం బ్రదర్, మనం కృప కింద ఉన్నాం" అన్నాడు. కృప మనకు, ధర్మశాస్త్రం పనిమనిషికా?

అసలు దేవుణ్ణి పోలి ఉండడమంటే ఏమిటో తెలియాలంటే లేవీయకాండం 19వ అధ్యాయం తెరవాలి. నేను పరిశుద్ధుణ్ణి గనుక మీరూ అలాగే ఉండాలని మొదట్లోనే చెప్పి, ఎలా ఉండాలో కింద వరసగా పద్దులు రాసినట్టు చెప్పుకొస్తాడు. చేను అంచులదాకా కొయ్యొద్దు, పరిగె బీదలకు వదిలెయ్యాలి. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉండకూడదు. గుడ్డివాడి దారికి అడ్డం వెయ్యొద్దు. తల నెరిసినవాళ్లు వస్తే లేచి నిలబడాలి. ఆఖర్లో త్రాసు సరిగ్గా ఉండాలి, తూకపు రాళ్లు సరిగ్గా ఉండాలి.

త్రాసు సంగతి నాకు తెలుసు. ఉద్యోగమంతా కాటా పక్కనే గడిచింది. టిక్కీ, అంటే మిర్చి బస్తా, కాటా మీద పడ్డాక ముల్లు నిలబడకముందే అంకె అరిచే కుర్రాళ్లుండేవారు. అక్కడ రైతుకు అర కిలో పోయేది. తేమ పేరు చెప్పి కొంత, తాలు కాయలని కొంత, మచ్చు కోసమని ఓ గుప్పెడు. పాపం చేశామని ఎవరికీ అనిపించేది కాదు. చీటీలో పడ్డ అంకే సత్యమైపోయేది. ఆ చీటీ రాసిన చేత్తోనే ఆదివారం కానుక పళ్లెం పట్టుకుంటే, దేవుడు దాన్ని ఏ ఖాతాలో వేసుకుంటాడు? మా షావుకారు హిందువు. పొద్దున పూజ కాందే కొట్టు తాళం తీసేవాడు కాదు. ముల్లు ఊగుతుండగా అంకె చెప్పారో, టిక్కీ దింపించి మళ్లీ కాటా పెట్టించేవాడు. ఆయన లేవీయకాండం చదవలేదు. చదివిన నేను ఆ అధ్యాయాన్ని కళ్లారా చూసింది మాత్రం ఆయన కొట్లోనే.

కూలి విషయంలో గుళ్లు కూడా తక్కువ తినలేదు. నాకు తెలిసిన ఒక సంఘంలో క్రిస్మస్‌కు ముందు గోడలకు రంగులు వేయించారు. సీరియల్ లైట్లకు డబ్బుంది, కేకులకుంది, కొత్త సౌండు బాక్సులకుంది. రంగుల మేస్త్రి మాత్రం సంక్రాంతి దాటాక కూడా బాకీ కోసం పెద్దల ఇళ్ల చుట్టూ తిరిగాడు. "దేవుడి పని కదా, కాస్త ఓపిక పట్టు" అన్నారట. దేవుడి పని గనుకే ఆ సాయంత్రమే ఇవ్వాలి.

కూలి ఇవ్వడం కూడా దేవుడి పనేననడానికి మన ప్రాంతం చరిత్రలోనే మంచి ఉదాహరణ ఉంది. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలవలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించి కూలి ఇచ్చాడు. బాప్తిస్మం ఇమ్మని వచ్చినవాళ్లకు మాత్రం కరువు ఉన్నన్నాళ్లూ ఇవ్వలేదు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. మన కూటాల్లో ఈ అంకె మారుమోగిపోతుంది. కాలవ కూలి ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. మంచివాడి చేను మీదా చెడ్డవాడి చేను మీదా ఒకే వాన కురిపించే తండ్రి గురించి యేసు కొండమీద చెప్పాడు. నా దృష్టిలో ఆ తండ్రిని పోలిన పని ఆ కాలవ గట్టున జరిగింది, నదిలోకి దిగకముందే.

ఇంటి సంగతికి వస్తాను. ఆదివారం పనమ్మాయికి సెలవిద్దామని నేను అన్నప్పుడు మా ఆవిడ ఒక్క ప్రశ్న వేసింది. "మీ ఆజ్ఞలో కొడుకున్నాడు, కూతురుంది, దాసి ఉంది, ఎద్దుకూడా ఉంది. భార్య ఏదీ?" నిజమే, జాబితాలో ఆ మాట లేదు. పండితులు దానికేవో సమాధానాలు చెబుతారు, అవి నన్నే ఒప్పించలేదు, ఆవిణ్ణేం ఒప్పిస్తాయి. పనిమనిషి సెలవు ఇల్లాలి నెత్తికెక్కితే అది విశ్రాంతి కాదు, పని చేతులు మారడం. అందుకే మా ఇంట్లో ఆదివారం అంట్లు నావి. పలావు గిన్నె అడుగు మాడితే ఎంతసేపు గీకాలో ఇప్పుడు నాకు బాగా తెలుసు. చుట్టాలొచ్చిన రోజున వంట తగ్గిద్దామన్న ఆలోచన కూడా సింకు దగ్గరే పుట్టింది.

పనమ్మాయి క్రైస్తవురాలు కాదే, ఆదివారం ఆమెకెందుకని కొందరు అడుగుతున్నారు. ఆజ్ఞలో పరదేశి ఉన్నాడు, ఎద్దు ఉంది. ఎద్దుకు ఏ మతమో ఎవరూ అడగలేదు.

పాస్టర్లకు నా మనవి: వచ్చే ఆదివారం ప్రసంగంలో ఈ సంగతి చెప్పండి, గుడి పనివాళ్ల బాకీలు ఆ లోపే తీర్చండి. సంఘస్తులకు ఇంకో మనవి: పనమ్మాయికి నెలకు నాలుగు ఆదివారాలు సెలవివ్వండి. జీతంలో ఒక్క రూపాయి కోత పెట్టకండి.