పెండ్లి సామానుతో బిల్లు కూడా పంపుతున్నామా?

షాదీల రోజులు వస్తే తలుపుల నుంచి కదిరికి వెళ్లే బస్సుల్లో ఆడపిల్లల తండ్రులు ఎక్కువగా కనిపిస్తారు. అలాంటి తండ్రి ఒకాయన మమ్మల్ని ఆపి, "మౌల్సాబ్, బిడ్డకు ఫ్రిజ్జు తీసుకోవల్ల. అంగట్లో రెండు చూపించినారు. ఒకటి రెండు వేలు తక్కువ. యాది తీసుకుంటే బాగుంటాది?" అని అడిగారు. పిల్లలకు పాఠాలు చెప్పుకునే మాకు ఫ్రిజ్జుల సంగతి ఏం తెలుసు? అయినా ఆయనతో వెళ్లి, వాటి తలుపులకు అంటించిన చీటీలు శ్రద్ధగా చదివాము.

జహేజ్ అడగడం తప్పని ఎన్నోసార్లు చెప్పాము, ఇకముందూ చెబుతాము. అది అలా ఉంచి, సామాను కొనే తీరు గురించి ఒక మాట. కొనేది తండ్రి, బిల్లు కట్టేది అల్లుడి ఇల్లు. అందువల్ల కొనేటప్పుడు ధర ఒక్కటే చూస్తున్నాము. అంగట్లో ఇచ్చేది మొదటి కంతు మాత్రమే. మిగతా కంతులు పదేళ్లపాటు, నెలనెలా, కరెంటు ఆఫీసుకు కట్టాలి. ఆ కంతులు ఎంతో చెప్పేదే ఆ చీటీ.

2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద కేంద్ర ప్రభుత్వం 2002లో బీఈఈ అనే సంస్థను ఏర్పాటు చేసింది. అది 2006లో ఈ నక్షత్రాల చీటీని ప్రవేశపెట్టింది. ఒకటి నుంచి ఐదు వరకు నక్షత్రాలుంటాయి. ఎక్కువ ఉంటే కరెంటు పొదుపు ఎక్కువ. 2023 జనవరి నుంచి సీలింగు ఫ్యాన్లకు కూడా ఇది తప్పనిసరి అయింది. అయితే నక్షత్రాలు లెక్కపెట్టి ఊరుకోకూడదు. ఐదు నక్షత్రాల పెద్ద ఫ్రిజ్జు, మూడు నక్షత్రాల చిన్న ఫ్రిజ్జు కంటే ఎక్కువ కరెంటు తినవచ్చు. ఫ్రిజ్జు చీటీ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు అని అంకె ఉంటుంది. అసలు చూడవలసింది దాన్ని. చీటీ మీది సంవత్సరం కూడా చూడాలి. కొలతలు అప్పుడప్పుడు కఠినం చేస్తారు గనుక, పాత చీటీ మీది ఐదు నక్షత్రాలు కొత్త లెక్కలో నాలుగే కావచ్చు.

మేము చూసిన రెండు ఫ్రిజ్జులకు ఏడాదికి 60 యూనిట్లు తేడా. పదేళ్లకు 600 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలు పడే ఇంట్లో అది 3,600 రూపాయలు. అదనంగా పెట్టిన రెండు వేలు వచ్చి, ఇంకా మిగులుతుంది. యూనిట్ 3 రూపాయలు పడే చిన్న ఇంట్లో 1,800 మాత్రమే, పెట్టింది కూడా పూర్తిగా రాదు. వాడకం పెరిగేకొద్దీ ధర పెరిగే శ్లాబుల పద్ధతి మనది. కాబట్టి అల్లుడి ఇంటి బిల్లు ఒకసారి అడిగి చూసి కొనమని ఆ తండ్రికి చెప్పాము. ఎక్కువ నక్షత్రాలున్నదే అందరికీ లాభమని చెప్పడం నిజాయితీ కాదు.

మరి పేద ఇంటికి ఎక్కడ లాభం? ఫ్యానులో. మామూలు పాత ఫ్యాను 75 వాట్లు. ఇప్పుడు వచ్చే బీఎల్‌డీసీ ఫ్యాను సుమారు 30 వాట్లు. రోజుకు 12 గంటలు తిరిగితే పాతది నెలకు 27 యూనిట్లు, కొత్తది 11 యూనిట్ల లోపు తింటుంది. కొత్తదానికి పదిహేను వందలు ఎక్కువ పెట్టినా, 6 రూపాయల శ్లాబులో పదహారు నెలలకు, 3 రూపాయల శ్లాబులో రెండున్నరేళ్లు దాటాక ఆ డబ్బు తిరిగి వస్తుంది. మన అనంతపురం ఎండలకు ఫ్యాను ఆగేది ఎప్పుడు?

ఈ లెక్క మసీదు కమిటీలకూ వర్తిస్తుంది. ముందు సఫ్‌ల మీది ఫ్యాన్లు ఐదు పూటలా తిరుగుతాయి. వెనక వరుసల ఫ్యాన్లు జుమ్మాకే. అన్నీ ఒకేసారి మార్చి చందా సొమ్ము ఖర్చు చేయనక్కరలేదు. ముందువి మార్చి, వెనకవి పాడైనప్పుడు చూసుకోవచ్చు. ఎక్కువ గంటలు తిరిగేది ముందు మార్చాలి. ఇంట్లోనైనా ఇదే సూత్రం.

"పొరుగున నంబులపూలకుంటలోనే అంత పెద్ద సోలార్ పార్కు ఉంది, ఇంకా పొదుపెందుకు?" అని కొందరంటారు. ఆ పలకలు పగలే పని చేస్తాయి. రాత్రి మనం నిద్రపోయేటప్పుడు, సహెరీకి లేచేటప్పుడు ఫ్యాను తిరిగేది ఎక్కువగా బొగ్గు కరెంటుతో. పక్కన తయారైనంత మాత్రాన మన మీటరు నెమ్మదిగా తిరగదు.

ఇస్రాఫ్ అంటే షాదీలో మిగిలిపోయిన బిర్యానీ ఒక్కటే అనుకుంటాము. తెలియక కొన్న యంత్రం పదేళ్లు చేసే దుబారా కూడా ఇస్రాఫే. ఆ తండ్రి చివరికి ఏ ఫ్రిజ్జు కొన్నారో మేము అడగలేదు. కానీ అంగడివాణ్ణి ధర అడిగే ముందు, "ఏడాదికి ఎన్ని యూనిట్లు?" అని అడిగారు. ప్రతి తండ్రీ, ప్రతి కమిటీ సదరూ ఆ ప్రశ్న అడిగితే చాలు.