కట్ట రైతుది, కొంగలు అందరివీ!

చెరువుల మీద చర్చ మొదలైతే మన దగ్గర రెండే మాటలు వినిపిస్తాయి: ఆక్రమణ, బుల్డోజర్. కూల్చాల్సిందేనని ఒక వర్గం, పేదల ఇళ్ల జోలికి రావద్దని మరో వర్గం. ఈ ఇద్దరూ కలిసి ఒక అంకెను పక్కన పడేశారు. కేంద్ర జలశక్తి శాఖ 2023లో వెలువరించిన తొలి జలవనరుల గణన ప్రకారం దేశంలో చెరువులు, కుంటలు, చెక్‌డ్యామ్‌లు వగైరా 24,24,540 ఉన్నాయి. అందులో 55.2 శాతం ప్రైవేటువి. ఆక్రమణల పాలయ్యాయని అదే గణన తేల్చినవి 1.6 శాతం. అది తక్కువ లెక్క అంటారా? సరే, పదింతలు చేయండి. 16 శాతం అవుతుంది. అప్పటికీ 55.2లో మూడో వంతు రాదు. మన ఆవేశమంతా ఆ 1.6 మీదే.

ప్రైవేటు కుంట అనగానే రిసార్టు యజమాని గుర్తొస్తే అది మన పొరపాటు. మెట్ట పొలంలో వంకకు అడ్డంగా మట్టికట్ట వేసుకుని, ఓ పక్క అలుగు వదిలి, నాలుగు నెలలు నీళ్లు నిలిపే చిన్నరైతులూ ఈ లెక్కలో ఉన్నారు. ఆ కుంట అంచు నిట్టనిలువుగా కాకుండా ఏటవాలుగా ఉంటే తుంగ మొలుస్తుంది, బుడుబుంగలు గూడు కడతాయి, మోకాలి లోతు నీళ్లలో కొంగలు మేస్తాయి. వేసవిలో ఎండిపోవడం కూడా దాని లోపం కాదు. ఏటా ఎండే కుంటలో పెద్ద చేపలు బతకవు కాబట్టి కప్ప పిల్లలు బతికి బట్టకడతాయి. నిలువు గోడలతో తవ్వి ప్లాస్టిక్ పట్టా పరిచిన పంటకుంట నీటిని దాస్తుందేమో గానీ ఈ పని చేయలేదు.

మరి చట్టాలు ఈ కట్టను ఎలా చూస్తున్నాయి? అసలు చూడటమే లేదు. 2021 నాటి ఆనకట్టల భద్రత చట్టం 15 మీటర్లకు మించినవాటినీ, కొన్ని షరతులకు లోబడి 10 నుంచి 15 మీటర్ల మధ్యవాటినీ పట్టించుకుంటుంది. రైతు కట్ట దాని దరిదాపుల్లో ఉండదు. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు సాగునీటికి, తాగునీటికి, చేపల పెంపకానికి కట్టినవాటిని మినహాయించాయి. సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో క్షేత్రస్థాయిలో హద్దులు తేల్చమన్న 2,31,195 చిత్తడి నేలలూ 2.25 హెక్టార్లు, అంటే అయిదున్నర ఎకరాలు దాటినవే. గణన చూస్తేనేమో 72.4 శాతం వనరుల నీటి విస్తీర్ణం అర హెక్టారుకు లోపే. జల్లెడ కన్నాలు ఇంత పెద్దవి పెట్టుకుని, గింజలు మిగల్లేదని వాపోతే ఎలా?

అంతేకాదు. కుంటను బాగా చూసుకున్న రైతుకు దక్కేది భయం. పక్షులు వాలి పేరొస్తే రేపు ఎవరో వచ్చి ఎఫ్‌టీఎల్ (నిండా నిండితే నీరు చేరే హద్దు) గీత, దాని చుట్టూ బఫర్ గీత గీస్తారేమో, భూమి రిజిస్ట్రేషన్ కాకుండా పోతుందేమో అన్న భయం. ఓ పూట జేసీబీ పెట్టి కట్టకు గండి కొట్టిస్తే అది మళ్లీ మామూలు పొలం. ఏ రైతైనా ఏ దారి పడతాడో చెప్పడానికి నిపుణుల సంఘం అక్కర్లేదు.

మన పాలకులకు కొత్తగా కనిపించే పరిష్కారం మన నేలలో పాతదే. విజయనగర కాలం నుంచి రాయలసీమలో దశబంధం మాన్యాలు ఉండేవి. సొంత ఖర్చుతో చెరువు కట్టించినవాడికి భూమి ఇచ్చేవారు. దాన్ని అనుభవించినంత కాలం కట్టను బాగుచేసే బాధ్యత అతనిదే. తర్వాత వచ్చిన బ్రిటిషు రెవెన్యూ యంత్రాంగం సైతం ఆ మాన్యాలను గుర్తించింది. పైసా పైసా లెక్క చూసుకున్న కంపెనీ దొరలకు అర్థమైన బేరం, ప్రజాప్రభుత్వాలకు ఎందుకు అర్థం కాదు?

అదే బేరాన్ని ఇప్పుడు డబ్బు రూపంలో కుదర్చండి. రైతు తానుగా కుంటను నమోదు చేయించుకుంటే ఏటా నిర్వహణ సొమ్ము ఇవ్వాలి. బదులుగా అంచు లోతు తక్కువగా ఉంచాలి, పురుగుమందుల డబ్బాలు అందులో కడగకూడదు. వానాకాలానికి ముందు సాగునీటి శాఖ సహాయ ఇంజనీరు (ఏఈ) వచ్చి అలుగు పూడిందా, కట్టలో ఎలుక బొరియలు, పీత బొరియలు ఉన్నాయా, కట్ట మీద చెట్లు లేచాయా చూడాలి. షరతు తప్పితే సొమ్ము ఆపాలి.

చిన్న కట్టలు తెగితే కింద ఊళ్లకు ముప్పని ఇంజనీర్లు అంటారు. నిజమే, 2024 సెప్టెంబరు మొదట్లో ఖమ్మం, మహబూబాబాద్ జిల్లాల్లో చెరువులకు పడ్డ గండ్లు ఎవరూ మరవలేదు. కానీ మట్టికట్టను తెంచేది ఎక్కువగా పూడిన అలుగు, చూడని బొరియ. అది తనిఖీ పెంచడానికి కారణం, తప్పించుకోవడానికి కాదు. 7.47 లక్షల వనరులున్న బెంగాల్ వల్లే ప్రైవేటు వాటా పెరిగిందని మరికొందరి వాదన. కావచ్చు. అయితే చెరువు సర్కారుదైనా శిఖం భూమి (చెరువు లోపలి నేల) పట్టాదారుదైన ఊళ్లు తెలంగాణలో ఎన్నో. అక్కడా ఇదే చిక్కు.

అన్నిటికీ మించిన విడ్డూరం ఒకటుంది. నోటిఫై చేసిన చిత్తడి నేలలో ప్రైవేటు హక్కులున్న భూములుంటే, ప్రోత్సాహక చర్యల ద్వారా దాని సహజ స్వభావాన్ని కాపాడే మార్గాలు సిఫారసు చేయాలని 2017 నిబంధనలే రాష్ట్ర ప్రాధికార సంస్థలకు చెప్పాయి. ప్రోత్సాహకం అన్న మాట కాగితం మీద ఉంది, కూల్చివేత మాత్రమే నేల మీద ఉంది. బుల్డోజర్‌కు కెమెరాలు వస్తాయి, ఏఈ తనిఖీకి రావు. అసలు సంగతి అదే. జలవనరుల్లో 55.2 శాతాన్ని వదిలేసి మిగతా సగం మీద కేకలు వేయడాన్ని చెరువుల పరిరక్షణ అనకండి. వచ్చే బడ్జెట్‌లో ప్రైవేటు కుంటల నిర్వహణకు ఒక పద్దు తెరవండి. ఆ పని చేతకాకపోతే, పక్షుల దినోత్సవాల్లో ప్రసంగాలైనా మానుకోండి.