రాత్రి క్వార్టర్, పొద్దున స్టీరింగ్

బాగ్ లింగంపల్లిల సుందరయ్య విజ్ఞాన కేంద్రం కాడ చాయ్ తాగుతుంటే మా ఊరి పిలగాడు కలిసిండు. క్యాబ్ నడుపుతడు. డ్రంక్ అండ్ డ్రైవ్‌ల దొరికిండట. "జుర్మానా కడ్త అన్నా, అయిపోతది" అన్నడు.

ఏడ అయిపోతది తమ్మీ? 2019 సవరణతోని మొదటిసారికే పదివేల జుర్మానా, లేదంటే 6 నెలల దాక జైలు, రెండూ పడొచ్చు. పైన లైసెన్సు. కనీసం 3 నెలలు సస్పెండ్ చేయాలని సుప్రీంకోర్టు రోడ్డు భద్రత కమిటీ 2015లనే చెప్పింది. సొంత కారున్న సారు ఆ మూడు నెలలు ఆటోల తిరుగుతడు. నీ కారు కిస్తీ ఎవలు కడ్తరు?

హద్దు మాత్రం ఇద్దరికీ ఒక్కటే: 100 మిల్లీలీటర్ల రక్తంల 30 మిల్లీగ్రాములు. రాత్రి పదకొండుకు క్వార్టర్ ఖతం చేసి, పొద్దున అయిదింటికి బండెక్కితే మత్తు దిగినట్టే అనిపిస్తది. కని ఒంట్లకెళ్లి గంటకు ఇంచుమించు 15 మిల్లీగ్రాములే దిగుతది. పండుకున్నా, నిమ్మరసం తాగినా అంతే.

అట్లని మిషన్ చెప్పిందే వేదం కాదు. ఒక్క బ్రీత్ అనలైజర్ పట్టుకొని ఆర్టీసీ డ్రైవర్ నౌకరి తీసుడు చెల్లదని మన హైకోర్టు 2025ల అన్నది. తాగనోడు అక్కడికక్కడే రక్తపరీక్ష అడగాలె, కాయితం మీద రాసియ్యాలె. తాగినోని తరఫున మాత్రం నేను కొట్లాడ.

ఈ పిలగాడు తాగిండు. మళ్ల దొరికితే జైలు రెండేండ్ల దాక అని చెప్తే, చాయ్ గ్లాసు కింద పెట్టిండు.