ఒక్క యూనిట్‌కు 207 రూపాయలా?

200 యూనిట్లు కాలిస్తే బిల్లు ఎంత? 201 కాలిస్తే ఎంత? ఈ లెక్క తెలువాలంటే ఇంజినీరే కానక్కర లేదు. ఎక్కాలొస్తే చాలు.

తెలంగాణల 2022-23 టారిఫ్ తీసి చూడుండ్రి. నెలకు 100 యూనిట్లు దాటి 200 దాక కాల్చే ఇంటికి మొదటి 100కు రూ.3.40 చొప్పున, తర్వాత 100కు రూ.4.80 చొప్పున. మొత్తం రూ.820. మీటర్ ఇంకొక్క యూనిట్ తిరిగిందా, లెక్క మొదటికొస్తది. ఆ 200 యూనిట్లకే రూ.5.10 చొప్పున వేస్తరు, మీది ఒక్కదానికి రూ.7.70. మొత్తం రూ.1,027.70. ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు వేరే. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు! వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె గంట సేపు నడిస్తే కాలేది అంతే కరెంటు.

2024 మార్చి నుంచి గృహజ్యోతి బిల్లులొచ్చినయి. అర్హులకు 200 దాక జీరో బిల్లు. మంచిదే, కాదనం. కానీ 201 అయితే మొత్తం బిల్లు కట్టాలె. సున్నా నుంచి వెయ్యి రూపాయల మీదికి ఒక్కటే దుంకుడు.

స్లాబు అంటే మెట్టు అంటరు. పై మెట్టుకు పైసలు అడుగుండ్రి, ఇస్తం. ఎక్కొచ్చిన మెట్లకు మళ్ల ఎందుకియ్యాలె? ఎక్కువ కాల్చే పెద్దోళ్లకు సబ్సిడీ పోవద్దని ఈ పద్ధతి అని జవాబు చెప్తరు. నాలుగు ఏసీలు నడిచే బంగ్ల 200 కాడ ఎన్నడన్న ఆగిందా? ఆ గీత మీద నిలబడి మీటర్ దిక్కు చూసేది ఎండకాలం కూలర్ పెట్టుకున్న ఇల్లే.

కిరాయిదార్లది ఇంకో గోస. ఒకటే మీటర్, మూడు అర్రలల్ల మూడు కుటుంబాలు. తలా 80 యూనిట్లు కాలుస్తరనుకోండ్రి. ఎవరి మీటర్ వాళ్లకుంటే ఒక్కో ఇంటికి యూనిట్ల చార్జీ రూ.190.50. మీటర్ ఒక్కటే గనుక 240 యూనిట్లయినయి, బిల్లు రూ.1,328. మూడు భాగాలు చేస్తే తలా రూ.442 పైనే. మీటర్‌కు మనుషులు కనబడరు గద! పేదోడు పెద్దోని రేటు కడుతడు.

ఉమ్మడి రాష్ట్రంల కరెంటు చార్జీలు పెంచినందుకే జనం రోడ్డెక్కిన్రు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పుల్ల ముగ్గురు ప్రాణాలిచ్చిన్రు. రేటు పెరిగితే అందరికీ కనబడుతది. రేటు పెంచకుండనే గీత కాడ గుంజుకునేది కనబడదు.

విద్యుత్ నియంత్రణ మండలి టారిఫ్ మీద బహిరంగ విచారణ పెడుతది. ఎవలైనా పోయి మాట్లాడొచ్చు, అభ్యంతరం రాసియ్యొచ్చు. ఈసారి పోయేటోళ్లు పాత బిల్లు ఒకటి జేబుల పెట్టుకొని పోండ్రి. 201వ యూనిట్ ధర ఎంతనో వాళ్ల నోటితోనే చెప్పుమనుండ్రి.