ఒంటితో కలిసి ఆడే ఆట

ఫోన్‌లో విమానం ఆట. పక్కగాలి వీచగానే మీ మణికట్టు మీ ప్రమేయం లేకుండానే ఒరుగుతుంది, బలంకొద్దీ నిలబెట్టుకోవాలి. జర్మనీలోని పోట్స్‌డామ్‌లో పరిశోధకులు పెడ్రో లోపెస్, పాట్రిక్ బౌడిష్ 2013లో చూపిన ప్రయోగమిది. ముంజేతికి అంటించిన ఎలక్ట్రోడ్ల నుంచి వెళ్ళే చిన్న విద్యుత్ ప్రేరణలే ఆ గాలి. మోటారు చేయాల్సిన పని కండరమే చేసింది.

ఈ సంచిక అలాంటి ఆటల రూపకల్పన గురించి. ఫిజియోథెరపీలో వాడే ఈ పద్ధతి ఆటలోకి వచ్చాక అసలు ప్రశ్న ఒకటే: శరీరం ఎవరి అదుపులో ఉంది? ఒక్కో ఒంటికి ఒక్కో విద్యుత్ మోతాదు. పేస్‌మేకర్ ఉన్నవారు దూరంగా ఉండాలి. ఆపే మీట ఎప్పుడూ ఆటగాడి చేతిలోనే ఉండాలి. ఒంటిని లొంగదీసే ఆట వద్దు. ఒంటితో కలిసి ఆడే ఆట కావాలి. ఆ నమ్మకంతోనే ఈ పేజీలు మీ ముందుంచుతున్నాం.

— సంపాదకుడు